స్కూల్ బాండ్: "రేటు పెరగదు" అని కరపత్రం, "పన్ను పెంపు" అని బ్యాలెట్. ఏది నమ్మాలి?

కొత్తింటి_అల్లుడు
ఇక్కడ టెక్సస్‌లో మా ఐఎస్‌డీ, అంటే స్కూల్ జిల్లా వాళ్ళు, అప్పు చేయడానికి అనుమతి అడుగుతూ మే ఎన్నికల్లో బాండ్ పెట్టారు. ఇంటికొచ్చిన రంగుల కరపత్రంలో "పన్ను రేటు పెరగదు" అని పెద్దక్షరాలతో ఉంది. కౌంటీ సైట్లో నమూనా బ్యాలెట్ తీసి చూస్తే ఓటుకి పెట్టిన ప్రతి ప్రపోజిషన్‌లోనూ "ఇది ఆస్తి పన్ను పెంపు" అని ఉంది, అదీ అన్నీ క్యాపిటల్ అక్షరాల్లో. రెండూ సర్కారీ కాగితాలే. ఎవరో ఒకరు అబద్ధం ఆడుతున్నట్టే కదా?

సిటిజన్‌షిప్ వచ్చాక నా మొదటి లోకల్ ఓటు ఇది. అసలే చిరాకులో ఉన్నాను. ఇల్లు కొన్నప్పుడు ఎస్క్రో లెక్క, అంటే పన్ను కోసం కిస్తీతో పాటు నెలనెలా పక్కన పెట్టించే డబ్బు, ఖాళీ స్థలం మీద వేశారు. మరుసటి ఏడాది పన్ను ఇంటితో కలిపి వచ్చేసరికి కళ్ళు బైర్లు కమ్మాయి. ఎస్క్రో షార్టేజ్ అంటూ నెలవారీ కిస్తీ పెంచేశారు. ఇప్పుడు దీని మీద ఇంకో పన్నా? మా ఆవిడేమో "పిల్లల స్కూలు, ఆలోచించేదేముంది, అవునని కొట్టెయ్" అంటోంది. మీరైతే ఏం చేస్తారు?

డీఎఫ్‌డబ్ల్యూ_దాసు
ఎస్క్రో షార్టేజ్ ఉత్తరం వచ్చిన రోజు మా ఇంట్లో వంట బంద్. సంఘంలోకి స్వాగతం బ్రో.

ప్లేనో_పంతులు
రెండూ నిజమే, అదే ఇందులో తమాషా.

స్కూల్ పన్ను రెండు ముక్కలు. ఎం అండ్ ఓ అంటే జీతాలు, కరెంటు, డీజిలు, రోజువారీ ఖర్చులు. ఐ అండ్ ఎస్ అంటే అప్పు తీర్చడానికి మాత్రమే. బాండ్ డబ్బు తీరేది ఈ రెండో ముక్కలోంచి. ఆ డబ్బుతో బిల్డింగ్ కట్టొచ్చు, రూఫ్ మార్చొచ్చు, బస్సులు కొనొచ్చు. టీచర్‌కి జీతం మాత్రం ఒక్క డాలరు కూడా ఇవ్వకూడదు.

బ్యాలెట్ మీద ఆ వాక్యం పెట్టించింది 2019లో టెక్సస్ శాసనసభ తెచ్చిన హెచ్‌బీ 3 అనే చట్టం. రేటు పెరిగినా, పెరగకపోయినా, తగ్గినా సరే, స్కూల్ బాండ్ అంటే ఆ వాక్యం అచ్చు వేయాల్సిందే. చట్టం దృష్టిలో మీరు ఒప్పుకుంటున్నది అప్పుకి, ఆ అప్పు తీరడానికి అవసరమైనంత పన్ను వేసే అధికారానికి. "రేటు పెరగదు" అన్నది మీ ఐఎస్‌డీ అంచనా. ఇళ్ళ విలువలు పెరుగుతాయి, కొత్త ఇళ్ళు వస్తాయి, పాత బాండ్లు తీరిపోతుంటాయి, ఆ ఖాళీలో కొత్త అప్పు సర్దుకుంటుంది అని వాళ్ళ లెక్క. లెక్క నిజం కావచ్చు, కాకపోవచ్చు.

ఇంకో మాట. ఐఎస్‌డీ పన్ను డబ్బుతో ప్రచారం చేయకూడదు. కరపత్రంలో "అవునని ఓటేయండి" అని రాస్తే చట్టరీత్యా నేరం. అందుకే నవ్వుతున్న పిల్లాడి ఫొటో వేసి ఊరుకుంటారు.

కేటీ_కారప్పొడి
పంతులుగారు అంచనా అని మెత్తగా అన్నారు. నేను కనికట్టు అంటాను. పాత అప్పు తీరితే రేటు దిగాలి కదా? కార్ లోన్ తీరిన నెలలోనే ఇంకో కారు తెచ్చి "చూశావా, ఈఎంఐ ఒక్క డాలరు పెరగలేదు" అన్నట్టుంది వ్యవహారం. బాండ్ పాస్ కాకపోతే నీ పన్ను ఎంత తగ్గేదో కరపత్రంలో ఎక్కడైనా ఉందా అల్లుడూ? ఉండదు.

పైగా రేటు అంటే 100 డాలర్ల విలువకు ఇన్ని సెంట్లు అని. రేటు కదలకపోయినా ఇంటి విలువ పెరిగితే బిల్లు పెరుగుతుంది. మనం కట్టేది బిల్లు, రేటు కాదు.

ప్లేనో_పంతులు
అది కాదనను. కానీ చుట్టూ ఏటా వేల ఇళ్ళు లేస్తుంటే పిల్లల్ని ఎక్కడ కూర్చోబెడతారు? ఇవాళ మీ పిల్లలు కూర్చున్న క్లాస్‌రూమ్ పాతికేళ్ళ క్రితం ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళు ఓటేసి అప్పు చేసి కట్టిందే.

హెచ్‌వన్_బాటసారి
మీ అందరికీ కనీసం తిట్టుకుంటూ వెయ్యడానికైనా ఓటుంది. గ్రీన్‌కార్డు కోసం వేసిన నా ఐ-140 అప్రూవ్ అయ్యి యుగాలైంది, డేట్ కదలదు. ఇల్లు నాది, పన్ను నాది, పిల్లలు అదే స్కూల్లో. ఓటు మాత్రం లేదు. మా వీధిలో సగం మందిది ఇదే కథ. ఆ సగం మంది మీద వేసే పన్నుని మిగతా సగం తేలుస్తారు, వాళ్ళలోనూ మేలో ఓటుకి వెళ్ళేవాళ్ళు ఎంతమంది? దీన్ని స్థానికుల నిర్ణయం అంటారా?

కరీంనగర్_కాకా
మాట చెల్లనోళ్ళ మీద పన్నేసిన్రని గప్పట్ల బోస్టన్‌లో చాయ్ పత్తా సముద్రంల పోసింది గిందుకే కదా తమ్మీ. మనం ఇర్వింగ్‌ల ఇరానీ చాయ్ పోయలేం, కప్పు నాలుగు డాలర్లు.

డీఎఫ్‌డబ్ల్యూ_దాసు
కాకా 😂

@హెచ్‌వన్_బాటసారి ఓటు లేకపోయినా హోమ్‌స్టెడ్ మినహాయింపు ఉందిగా, అప్లై చేశావా? వీసాతో సంబంధం లేదు. సొంతిల్లు అయి, అందులోనే ఉంటూ, ఆ అడ్రసుతో టెక్సస్ డ్రైవింగ్ లైసెన్స్ ఉంటే చాలు. చాలామంది మనవాళ్ళు అప్లై చేయకుండా వదిలేస్తున్నారు. స్కూల్ పన్ను లెక్కలో ఇంటి విలువలోంచి తీసేసే ఆ మినహాయింపు 2022లో 40 వేలు, 2023లో లక్ష, 2025 నుంచి లక్షా 40 వేలు.

హెచ్‌వన్_బాటసారి
అది చేశా అన్నా. పన్ను లెక్కకి ఇంటి విలువ ఏడాదికి 10 శాతం మించి పెరగకూడదన్న క్యాప్ కూడా దాని వల్లే కదా. బాధ డబ్బు గురించి కాదు.

మెకిన్నీ_మంగతాయారు
మినహాయింపు పెరిగింది కూడా ఓటుతోనే, అది మర్చిపోవద్దు. 2025 నవంబరు 4న రాష్ట్రమంతా 17 రాజ్యాంగ సవరణల మీద ఓటు పెట్టారు, 17 నెగ్గాయి. అందులో ప్రపోజిషన్ 13 ఈ లక్షా 40 వేలది. ప్రపోజిషన్ 11 అయితే 65 దాటినవాళ్ళకీ వికలాంగులకీ ఇంకో 60 వేలు.

పన్ను తగ్గించమంటారా అని అడిగితే ఎవరు కాదంటారు? అసలు పరీక్ష అప్పు చేయమంటారా అని అడిగినప్పుడే.

ఫ్రిస్కో_ఫిల్టర్‌కాఫీ
ఆ పరీక్ష మా ఊళ్ళో 2024 నవంబరులో జరిగింది. ఫ్రిస్కో ఐఎస్‌డీ నాలుగు ప్రపోజిషన్లు పెట్టింది: ఒకటి జీతాల కోసం ఎం అండ్ ఓ రేటు కొన్ని సెంట్లు పెంచేది, మిగతా మూడూ కలిపి బిలియన్ డాలర్లు దాటిన బాండ్లు. నాలుగూ ఓడిపోయాయి. పిల్లల స్కూళ్ళ కోసమే ఇళ్ళు కొనుక్కొచ్చిన ఊరు ఇది. ఇదే జిల్లాలో 2018లో పన్నూ బాండూ రెండూ పాస్ అయ్యాయి.

ఎందుకు ఓడాయంటే తలో కారణం చెబుతారు. ఇళ్ళ విలువలు రెండేళ్ళలో ఆకాశానికంటాయి, జనం మండిపోయి ఉన్నారు. ప్రెసిడెంట్ ఎన్నిక కాబట్టి స్కూల్ సంగతి పట్టనివాళ్ళు కూడా బ్యాలెట్ చివరిదాకా వచ్చారు. కొత్త పిల్లలు తగ్గుతున్నారు, ఇంకా బిలియన్ ఎందుకు అన్నవాళ్ళున్నారు. నా మటుకు నాకు ఆ పెద్దక్షరాల వాక్యమే సగం పని చేసింది. నా వెనక లైన్లో ఉన్నాయన ఫోన్‌లో నమూనా బ్యాలెట్ చూసి భార్యతో "నాలుగు చోట్లా పన్ను పెంపు అనే ఉంది, ఇంక చదివేదేముంది" అన్నాడు, మన తెలుగులోనే.

కేటీ_కారప్పొడి
నాకు ఆయన నచ్చాడు.

సబ్_టీచరమ్మ
నాకు నచ్చలేదు. నేను సబ్‌స్టిట్యూట్ టీచర్‌గా వెళ్తుంటాను, ఊరు చెప్పను. మొన్న వాన పడ్డ రోజు రెండో తరగతి గదిలో సీలింగ్ పలక ఒకటి తడిసి టీ డికాక్షన్ రంగుకి తిరిగి ఉంది. కింద చెత్తబుట్ట పెట్టారు, దాని చుట్టూ పసుపు టేపు. పిల్లలు ఆ చుక్కలు లెక్కపెడుతూ కూర్చున్నారు, కూడికలు కాదు. ఏసీ ఒక వింగ్‌లో పనిచేస్తే ఇంకో వింగ్‌లో పనిచేయదు. ఆ స్కూల్ కట్టి ముప్పై ఏళ్ళు దాటింది. దాన్ని బాగుచేయడానికి బాండ్ తప్ప వేరే దారి ఉందా?

బేసిక్ అలాట్‌మెంట్ అని రాష్ట్రం ఒక్కో పిల్లకి ఇచ్చే లెక్క ఒకటుంది. 2019లో 6,160 డాలర్లు. 2025 దాకా అంతే! గుడ్ల ధర ఎంత పెరిగిందో మీకు తెలుసు. 2025లో పెంచింది ఎంతో తెలుసా, 55 డాలర్లు. జీతాలకు వేరే పద్దులో కొంత ఇచ్చారు, కాదనను. కానీ రూఫ్‌కి ఎవరూ ఇవ్వరు.

ప్లేనో_పంతులు
టీచరమ్మ అసలు కీలు పట్టుకున్నారు. దీనికి రాబిన్ హుడ్ కూడా కలపండి. దాని అసలు పేరు రీక్యాప్చర్. 1993 నుంచీ ఉన్న ఈ పద్ధతిలో ఆస్తి విలువలు ఎక్కువున్న జిల్లాల ఎం అండ్ ఓ పన్నులో కొంత భాగం రాష్ట్రం లాగేసుకుంటుంది. ప్లేనో చాలా ఏళ్ళుగా కడుతోంది. ఐ అండ్ ఎస్ డబ్బు మాత్రం రీక్యాప్చర్‌కి దొరకదు, మొత్తం జిల్లాలోనే ఉంటుంది.

ఇప్పుడు మీరే సూపరింటెండెంట్ అనుకోండి. బస్సులు, ల్యాప్‌టాప్‌లు మామూలు బడ్జెట్లోంచి కొంటారా, బాండ్‌లో పెడతారా? బాండ్‌లోనే. అలా మిగిలింది జీతాలకు పోతుంది. మనకి "అప్పుల మీద అప్పులు" అనిపించేది సగం ఈ నిబంధనల వల్ల వచ్చిందే.

కొత్తింటి_అల్లుడు
ఆగండాగండి. మూడు నాలుగేళ్ళలో పాడయ్యే ల్యాప్‌టాప్‌కి ముప్పై ఏళ్ళ అప్పా??

ప్లేనో_పంతులు
టెక్నాలజీ బాండ్లు మామూలుగా తక్కువ కాలానికే అమ్ముతారు. పైగా చట్టం దాన్ని వేరే ప్రపోజిషన్‌గా పెట్టమంది. స్టేడియం వేరే, స్విమ్మింగ్ పూల్ వేరే, ఆడిటోరియం వేరే. ముందు ఇలా ఉండేది కాదు. అంతా ఒకే మూటలో కట్టి ఇచ్చేవాళ్ళు.

డీఎఫ్‌డబ్ల్యూ_దాసు
స్టేడియం అనగానే ఆలెన్ గుర్తు రావాల్సిందే. 2009లో 119 మిలియన్ల బాండ్‌కి ఓటేశారు, అందులో 60 మిలియన్లు హైస్కూల్ ఫుట్‌బాల్ స్టేడియానికి. 18 వేల సీట్లు. 2012లో తెరిచారు, 2014లో కాంక్రీటులో పగుళ్ళని మూసేశారు, 2015లో మళ్ళీ తెరిచారు. పక్కనే మెకిన్నీ వాళ్ళు ఇది కళ్ళారా చూసి కూడా 2016లో స్టేడియం ఉన్న బాండ్‌కి ఓటేశారు. దానికీ తెరవక ముందే పగుళ్ళు.

మెకిన్నీ_మంగతాయారు
మా ఊరి మీద పడకండి. మా అబ్బాయి అందులో బ్యాండ్ వాయించాడు, సౌండ్ బాగుంటుంది.

కరీంనగర్_కాకా
పగుళ్ళల్లోంచి మంచిగ వినొస్తదా 😀

బే_ఏరియా_బాబాయ్
టెక్సస్ వాళ్ళ గోల వింటుంటే నవ్వొస్తోంది. ఓటర్లకి పన్ను పగ్గాలు ఇస్తే ఏమవుతుందో చూడాలంటే కాలిఫోర్నియా రండి. 1978 జూన్‌లో ప్రపోజిషన్ 13 నెగ్గింది. పన్ను కొన్న ధరలో 1 శాతం, ఆ విలువ ఏడాదికి 2 శాతం మించి పెరగకూడదు. ఓటర్లే పెట్టుకున్న పరిమితి. ఫలితం? నా పక్కింటి ముసలాయన ఎనభైల్లో కొన్నాడు, ఆయన కట్టే పన్ను నా పన్నులో చిన్న ముక్క. రెండిళ్ళూ అచ్చు ఒకేలా ఉంటాయి, గరాజ్ తలుపు రంగు తప్ప.

స్కూళ్ళ సంగతి: ఆ దెబ్బతో లోకల్ డబ్బు పోయి పెత్తనం రాష్ట్రానికి వెళ్ళింది. బాండ్ కావాలంటే మూడింట రెండొంతుల ఓట్లు రావాలనేవాళ్ళు. 2000లో ప్రపోజిషన్ 39 దాన్ని 55 శాతానికి దించింది, కొన్ని షరతులతో: ఖర్చు మీద పౌరుల పర్యవేక్షణ కమిటీ ఉండాలి, పన్ను లక్ష డాలర్ల విలువకు 60 డాలర్లు మించదని అంచనా చూపించాలి.

కేటీ_కారప్పొడి
ముసలాయన్ని ఇంట్లోంచి వెళ్ళగొట్టకుండా కాపాడింది కదా బాబాయ్, అది మంచిది కాదా? ఇక్కడ మా నాన్నగారి తరం వాళ్ళు ఇల్లు మొత్తం కట్టేసి కూడా ఏటా ఐఎస్‌డీకి అద్దె కడుతున్నట్టుంది.

బే_ఏరియా_బాబాయ్
కాపాడింది. కాపాడిన బిల్లు నాకు పంపింది.

ఇంకోటి విను. "పన్ను రేటు పెంచం" అని ఓటర్లకి మాటిచ్చి చేసే అప్పు ఎక్కడిదాకా వెళ్తుందో శాన్ డియాగో దగ్గర పవే జిల్లాని చూస్తే తెలుస్తుంది. 2011లో 105 మిలియన్లు అప్పు చేశారు. రేటు పెంచకూడదు కాబట్టి ఇరవై ఏళ్ళ దాకా అసలూ వడ్డీ కట్టని రకం బాండ్లు అమ్మారు. మొత్తం తీర్చాల్సింది బిలియన్‌కి కాస్త తక్కువ. ఇవాళ ప్రైమరీలో ఉన్న పిల్లలు పెద్దై, ఉద్యోగాలు చేసి తీరుస్తారు. ఆ గొడవ తర్వాత 2013లో రాష్ట్రం చట్టం చేసింది, ఆ రకం బాండ్లకు 25 ఏళ్ళు మించకూడదు, అసలుకి నాలుగింతలు మించి కట్టకూడదు అని.

కొత్తింటి_అల్లుడు
105 తీసుకుని బిలియనా?? మా ఊళ్ళో వడ్డీ వ్యాపారి ఇంతకన్నా దయగలవాడు.

ప్లేనో_పంతులు
టెక్సస్‌లో అంత భయం అక్కర్లేదు. కొత్త బాండ్ అమ్మేముందు 50 సెంట్ల లోపు రేటుతో తీర్చగలమని అటార్నీ జనరల్‌కు చూపించాలి. పర్మనెంట్ స్కూల్ ఫండ్ అని 1854 నాటి నిధి ఒకటుంది, దాని గ్యారంటీతో చాలా జిల్లాలకు అన్నిటికన్నా మంచిదైన ట్రిపుల్ ఏ రేటింగ్ మీద తక్కువ వడ్డీకి దొరుకుతుంది. అంటే అప్పు చవక. చవక కాబట్టి ఎక్కువ చేస్తారు, అది వేరే రోగం.

ఎడిసన్_అక్క
న్యూజెర్సీలో ఒకప్పుడు ఏటా స్కూల్ బడ్జెట్ మీదే ఓటేసేవాళ్ళం. 2010లో ఏటా పన్ను పెంపుకి 2 శాతం క్యాప్ తెచ్చారు, 2012లో ఎన్నికల్ని నవంబరుకి మార్చుకుంటే క్యాప్ లోపు బడ్జెట్‌కి ఓటే అక్కర్లేదన్నారు. చాలా ఊళ్ళు హాయిగా మార్చేసుకున్నాయి. ఇప్పుడు బోర్డు ప్రతి ఏడూ సరిగ్గా 2 శాతం పెంచుతుంది, అది పరిమితా లక్ష్యమా తెలియదు. బిల్డింగుల అప్పుకి మాత్రం రెఫరెండం పెడతారు, ఆ అప్పు క్యాప్‌లోకి రాదు. దేశంలో అందరికన్నా ఎక్కువ ఆస్తి పన్ను కట్టేది మేమే, మీరు ఏడవకండి.

కొలంబస్_కుర్రాడు
ఒహాయోలో మామూలు ఖర్చులకి కూడా లెవీ, అంటే స్కూల్ పన్ను, మీద ఓటే. ఇళ్ళ విలువ పెరిగినా పాత లెవీ మీద వచ్చే డబ్బు పెద్దగా పెరగదు, 1976 నాటి చట్టం అలా ఉంది. కాబట్టి కొన్నేళ్ళకోసారి మళ్ళీ అడుక్కోవాలి. లెవీ ఓడితే మొదట బస్సులు, తర్వాత ఆటలు. ఇళ్ళ ముందు యార్డ్ సైన్లు చూసి ఎవరు ఏ పక్షమో తెలిసిపోతుంది, దీపావళి పార్టీలో పలకరింపులు కూడా తగ్గుతాయి.

నిజాంపేట్_నాగు
హైదరాబాద్ నుంచి చదువుతున్నా. మీ దగ్గర పన్ను ఎంతో మిమ్మల్నే అడుగుతారా? మా దగ్గర మున్సిపల్ కార్పొరేషన్ నోటీసు పంపుతుంది, ఏప్రిల్‌లో మొత్తం కట్టేస్తే 5 శాతం తగ్గింపు. మాకున్న నిర్ణయాధికారం అంతే, ఏప్రిలా మేనా అని.

గోదారి_గట్టు
ఆంధ్రాలో 2020లో చట్టం మార్చారు. అద్దె విలువ బదులు ఆస్తి మూలధన విలువ మీద ఇంటి పన్ను. ఏడాదికి 15 శాతం మించి పెరగదన్నారు. ఆ పరిమితి కూడా సర్కారు పెట్టిందే, మనల్నెవరూ అడగలేదు. ఐతే మన ఇంటి పన్నుకీ బడికీ లంకె లేదు కాబట్టి, పన్ను తగ్గితే పంతులుగారి జీతం తగ్గుతుందన్న భయం ఎవరికీ ఉండదు. గ్రంథాలయ సెస్సు ఒక్కటే ఉంటుంది, లైబ్రరీ ఎక్కడుందో మాత్రం అడక్కండి.

ఫ్రిస్కో_ఫిల్టర్‌కాఫీ
మళ్ళీ టెక్సస్‌కి వద్దాం. గవర్నర్ అబాట్ 2025 నవంబరులో మళ్ళీ పోటీకి దిగుతూ పన్నుల మీద ఒక ప్లాన్ చెప్పారు గుర్తుందా? లోకల్ పన్ను పెంచాలంటే మూడింట రెండొంతుల ఓటర్లు ఒప్పుకోవాలి. 15 శాతం మంది సంతకాలు పెడితే పన్ను తగ్గించే ఎన్నిక పెట్టాలి. ఇళ్ళ విలువ ఐదేళ్ళకోసారే కట్టాలి. అసలు ఇంటి యజమానుల స్కూల్ పన్నే ఎత్తేయాలా అన్నది రాష్ట్ర ఓటర్ల ముందు పెట్టాలి.

కేటీ_కారప్పొడి
నా ఓటు ఆయనకే. ఇప్పటికే సిటీలకీ కౌంటీలకీ ఆస్తి పన్ను రాబడి పెంపుకి 2019 నుంచి 3.5 శాతం గీత ఉంది, అది దాటితే ఎన్నిక తప్పనిసరి. అంతకు ముందు 8 శాతం ఉండేది, దాటినా జనం సంతకాలు సేకరిస్తేనే ఓటు. ఆ 3.5 వచ్చాక ఏ సిటీ మునిగిపోయింది? గీత ఇంకాస్త బిగిస్తే వాళ్ళే సర్దుకుంటారు.

సబ్_టీచరమ్మ
మూడింట రెండొంతులు అంటే మూడింట ఒక వంతు మంది వద్దంటే చాలు, మిగతా రెండొంతుల మాట చెల్లదు. 100లో 60 మంది "రూఫ్ వేయండి" అంటే కూడా వేయరన్నమాట. అదీ 65 దాటినవాళ్ళ స్కూల్ పన్ను ఫ్రీజ్ అయిపోయిన చోట. ఇల్లు పెంచి కట్టుకుంటే తప్ప, బాండ్ పాస్ అయినా వాళ్ళ బిల్లు కదలదు. ఆ సంగతి తెలియక వద్దని ఓటేసే పెద్దవాళ్ళని నేను చూశాను.

కేటీ_కారప్పొడి
వాళ్ళ బిల్లు కదలకపోతే అవునని ఓటేసే హక్కు మాత్రం ఎలా ఉంది? ఆ లెక్కన చూడండి. వాళ్ళు కట్టని అప్పుకి వాళ్ళు ఓటేస్తారు, కట్టే బాటసారికి ఓటు లేదు.

హెచ్‌వన్_బాటసారి
మొదటిసారి కారప్పొడిగారితో ఏకీభవిస్తున్నా.

ప్లేనో_పంతులు
స్కూల్ పన్ను పూర్తిగా ఎత్తేస్తే ఆ లోటు ఎవరు పూడుస్తారు అన్నది కూడా అడగండి. రాష్ట్రానికి ఇన్‌కమ్ టాక్స్ లేదు, పెట్టకూడదని రాజ్యాంగంలోనే రాసుకున్నారు. మిగిలింది సేల్స్ టాక్స్. ఆయిల్ డబ్బు బాగున్నంత కాలం సరే. డబ్బు ఆస్టిన్ నుంచి వస్తే ఏం కట్టాలో కూడా ఆస్టినే చెబుతుంది. బాబాయ్ చెప్పిన కాలిఫోర్నియా కథ అదే.

ఆబ్రీ_ఆంజనేయులు
అందరూ ఐఎస్‌డీ మీద పడ్డారు, మడ్ టాక్స్ గురించి, అంటే కొత్త కాలనీలకి నీళ్ళు, డ్రైనేజీ వేసే మున్సిపల్ యుటిలిటీ డిస్ట్రిక్ట్ పన్ను గురించి, ఎవరూ మాట్లాడరేం? నా బిల్లులో మడ్ రేటు సిటీ రేటు కన్నా ఎక్కువ. ఇక్కడా "ఓటర్లు ఆమోదించిన బాండ్లే". ఎవరా ఓటర్లు అని తవ్వితే, టెక్సస్‌లో ఎన్నో మడ్‌లలో జరిగేదే: ఇళ్ళు కట్టకముందు డెవలపర్ ఖాళీ పొలంలో ట్రెయిలర్ పెట్టి ఒకరినో ఇద్దరినో ఉంచుతాడు, వాళ్ళు ఓటేస్తారు, వందల మిలియన్ల బాండ్లు పాస్. తర్వాత మనం వచ్చి గృహప్రవేశం చేసి ముప్పై ఏళ్ళు కడతాం.

కొత్తింటి_అల్లుడు
నిజమా?! ఇద్దరా?

ఆబ్రీ_ఆంజనేయులు
చట్టబద్ధంగానే. క్లోజింగ్ రోజు, అంటే ఇల్లు నీ పేరు మీదకి మారే రోజు, సంతకం పెట్టిన కట్టలో మడ్ నోటీసు ఒకటి ఉంటుంది, తీసి చూడు. ఎంత అప్పుకి అనుమతి ఉందో రాసుంటుంది. నేనూ చదవకుండానే పెట్టా, పక్కన పంతులుగారు ముహూర్తం దాటిపోతోందని తొందర పెడుతున్నారు.

ప్లేనో_పంతులు
ఆ పంతులు నేను కాదు.

కరీంనగర్_కాకా
గా ఇద్దరికి అడ్వాన్స్‌డ్ ప్రజాస్వామ్యం అవార్డు ఇయ్యాలె.

అడ్మిన్
పార్టీల పేర్లతో వచ్చిన రెండు పోస్టులు తీసేశాను. పన్నుల గురించి ఎంతైనా కొట్టుకోండి, పార్టీల గురించి వద్దు.

మెకిన్నీ_మంగతాయారు
అల్లుడూ, పని జరిగే మాట చెప్తా. కరపత్రమూ వద్దు, బ్యాలెట్ వాక్యమూ వద్దు. ప్రతి ప్రపోజిషన్‌కీ ఓటరు సమాచార పత్రం అని ఒకటి పెట్టాలని 2019లోనే ఇంకో చట్టం వచ్చింది. ఐఎస్‌డీ సైట్లో ఉంటుంది. అడిగే అప్పు ఎంత, దాని మీద వడ్డీ ఎంత, ఇప్పటికే మిగిలి ఉన్న పాత అప్పు ఎంత, లక్ష డాలర్ల ఇంటి మీద ఏడాదికి ఎంత పెరగొచ్చు అన్నీ అందులో ఉంటాయి. బాండ్ రివ్యూ బోర్డు సైట్లో పక్క జిల్లాల అప్పులు కూడా పోల్చి చూడొచ్చు.

నీ ఇల్లు 6 లక్షలు అనుకో. లక్షా 40 వేలు తీస్తే 4 లక్షల 60 వేలు. దాని మీద ఒక సెంటు అంటే ఏడాదికి 46 డాలర్లు. ఐదు సెంట్ల బాండ్ అయితే 230. ఇప్పుడు దానికి ఏం వస్తుందో చూసి తేల్చుకో. నేను చూసేది రెండే: కొత్త స్కూల్ అడుగుతుంటే పిల్లల సంఖ్య పెరుగుతోందా తగ్గుతోందా, పాత బాండ్‌లో కడతామన్నవి కట్టారా. పక్కన ప్లేనోలో 2024లో నాలుగు స్కూళ్ళు మూసేయాలని బోర్డు తీర్మానించింది, పిల్లలు తగ్గి. ఆ పరిస్థితిలో కొత్త బిల్డింగ్ అంటే వద్దంటా, రూఫ్, ఏసీ, బస్సులంటే అవునంటా.

కొత్తింటి_అల్లుడు
అక్కా, ఆ పత్రం దొరికింది. వెబ్‌సైట్లో నాలుగు క్లిక్కుల లోతున పెట్టారు. ప్రపోజిషన్ 'ఏ': రిపేర్లు, భద్రత, బస్సులు. 'బీ': టెక్నాలజీ. 'సీ': స్విమ్మింగ్ పూల్. 'ఏ' మీద వడ్డీయే అసలులో ముప్పావు వంతు ఉంది, చూసి గుండె జారింది, ఐనా దానికి అవును. సీకి కాదు. బీ దగ్గర ఇంట్లో యుద్ధం నడుస్తోంది. మా ఆవిడ మూడింటికీ అవునంటోంది, అమ్మాయి స్విమ్ టీమ్‌లో ఉంది మరి.

కేటీ_కారప్పొడి
అంటే మీ ఇంట్లో సీ 1-1 టై. పూల్ నీటి పాలు.

సబ్_టీచరమ్మ
'ఏ'కి అవునన్నందుకు థాంక్స్. చెత్తబుట్ట సంగతి ఇంట్లో కూడా చెప్పండి.

వైలీ_వెంకీ
నాకూ మొన్నే సిటిజన్‌షిప్ ఓత్ అయింది. ఇవాళ రిజిస్టర్ చేస్తే ఈ మేలో ఓటు వేయొచ్చా?

డీఎఫ్‌డబ్ల్యూ_దాసు
ఎన్నికకి 30 రోజుల ముందే రిజిస్టర్ అయి ఉండాలి, గడువు దాటింది. నవంబరుకి పనికొస్తుంది, ఇప్పుడే చేసెయ్.

అల్లుడూ, ఎర్లీ ఓటింగ్ మొదలైంది. మా లైబ్రరీలో మధ్యాహ్నం వెళ్తే లైనే లేదు, లోపల నేనూ, ఇంకో పెద్దావిడా, నలుగురు ఎన్నికల సిబ్బంది. మే ఎన్నికంటే ఇంతే.

హెచ్‌వన్_బాటసారి
సరే, ఓటు లేనివాడికి మిగిలింది అప్రైజల్ ప్రొటెస్ట్, అంటే ఇంటి విలువ ఎక్కువ కట్టారని అభ్యంతరం పెట్టడం. దాని గడువు ఎప్పుడు?

మెకిన్నీ_మంగతాయారు
మే 15, లేదా నోటీసు పంపిన 30 రోజులకి, ఏది తర్వాత వస్తే అది. పక్క ఇళ్ళ అమ్మకం ధరలూ, నీ ఇంట్లో రిపేర్ల ఫొటోలూ సిద్ధం చేసుకో. దానికి వేరే థ్రెడ్ తెరువు, ఇక్కడ కలిపితే దొరకదు.